నాలుగేండ్లు పర్సనాలిటీ టైపులతోని క్యారెక్టర్లు చేసినంక నా రివ్యూ

నల్గొండల క్లాక్ టవర్ దగ్గర మా దోస్తు వాళ్ల మీది రూముల ప్రతి ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక క్యారెక్టర్ లెక్క మాట్లాడుకుంట, పాచికలేసి కథ నడిపే ఆట) ఆడుతం, ఐదుగురు ప్లేయర్లు, నేను డీఎం, అంటే కథ నడిపేటోన్ని, 2014ల వచ్చిన ఫిఫ్త్ ఎడిషన్ రూల్సే ఇప్పటికీ. నాలుగేండ్ల సంది క్యారెక్టర్లు చేసుకునేటందుకు పర్సనాలిటీ టైపులు (మనిషి తీరు ఎసొంటిదో చెప్పే పద్ధతులు) వాడుతున్నం, ఎంబీటీఐ, ఎనియాగ్రామ్, బిగ్ ఫైవ్ మూడూ వాడి చూసిన. అంతకుముందు మాకు అలైన్‌మెంటే (మంచోడా చెడ్డోడా, రూల్ పాటిస్తడా లేదా అని క్యారెక్టర్‌కి పెట్టే ముద్ర) దిక్కు, క్యారెక్టర్ షీటు మీద లాఫుల్ గుడ్ అని రాస్తరు, మూడో సెషన్‌కల్లా అది ఎవలికీ యాదికుండది.

మొదలు ఎంబీటీఐ పట్టుకున్నం. పదహారు టైపులు, నాలుగక్షరాలు, ఆన్‌లైన్ల ఫ్రీ టెస్టులు దొరుకుతయి, మన క్యారెక్టర్ లెక్క జవాబులు కొట్టుకుంట పోతే టైపు వస్తది. ఆర్నెల్లు వాడినం, నాకు నచ్చలే. మనిషి ఎట్ల ఆలోచిస్తడో చెప్తది గని వానికి ఏం గావాల్నో చెప్పది. విజార్డ్ (మంత్రగాడు) ఆడే మా తమ్ముడు తన క్యారెక్టర్‌కి ఐఎన్‌టీజే (ఒంటరిగ ఆలోచించే రకం) అని రాసుకున్నడు, ఊరోళ్లొచ్చి సాయమడిగితే "నా టైపోడు గిట్ల మాట్లాడడన్నా" అని గమ్మున కూసునేటోడు, సీను ఆడ్నే ఆగిపోయేది.

ఎనియాగ్రామ్‌కి మారినంక కథ వేరే అయింది. తొమ్మిది నంబర్లు, ఒక్కో నంబరుకి ఒక భయం, ఒక కోరిక. ఫిఫ్త్ ఎడిషన్ షీటు మీద ట్రెయిట్ (తీరు), ఐడియల్ (ఆశయం), బాండ్ (బంధం), ఫ్లా (లోపం) అని నాలుగు డబ్బాలుంటయి గదా, మావోళ్లు వాటిని ఖాళీగనే ఇడిశిపెట్టేటోళ్లు, ఇప్పుడు భయాన్ని ఫ్లాల రాస్తున్నం, కోరికను ఐడియల్ల. అసలు విషయమైతే ఎనియాగ్రామ్ బొమ్మల నంబర్ల నడుమ ఉండే బాణాలల్ల ఉన్నది. టెన్షన్ ఎక్కువైతే ఒక నంబరోడు ఇంకో నంబరు లెక్క చేస్తడు, రెండు ఎనిమిదికి పోతది, ఎనిమిది ఐదుకి, తొమ్మిది ఆరుకి, గిట్ల.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయంల స్తంభం నీడ పొద్దంత లింగం మీదనే ఉంటది గదా, నా కథల ఆ నీడ ఒకనాడు మాయమైతది. క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి) ఆడే మా చెల్లె క్యారెక్టర్‌ది రెండో నంబరు, అందరికీ సాయం చేసే రకం, లోపల భయమేందంటే నేను ఎవలికీ అక్కర లేకుండ పోతనేమో అని. ఆమెకు దెబ్బలు తాకినయని మిగిలినోళ్లు ఆమెను పైననే ఉంచి నేలమాళిగలకి దిగుదమనుకున్నరు. రెండేండ్లు అందరి గాయాలు మాన్పుకుంట తిరిగిన మనిషి తలుపుకడ్డం నిలవడి "నేను లేకుంట ఒక్కడు గూడ దిగొద్దు, దిగితే పైకొచ్చినంక మందు అడుగొద్దు" అన్నది. రూమంత సప్పుడు లేదు. ఇన్‌స్పిరేషన్ (క్యారెక్టర్ తీరుగ బాగ ఆడితే డీఎం ఇచ్చే బహుమానం) అప్పటికప్పుడే ఇచ్చిన, రెండు సార్లు డీ20 (ఇరవై ముఖాల పాచిక) ఏసి పెద్దది తీసుకొమ్మన్న. ఆ తలుపు కాడనే గంట ఆడినం, ఒక్క కత్తి గూడ లేవలే.

ఇగ బిగ్ ఫైవ్, మనిషిని ఐదు గుణాలతోని కొలిచే పద్ధతి, ప్లేయర్లకు బరువైతది గని ఎన్పీసీలకు (డీఎం ఆడించే క్యారెక్టర్లకు) మస్తు పనికొస్తది. ఐదు గుణాలకు ఐదు డీ6లు (ఆరు ముఖాల పాచికలు) ఏస్త, ఒకటో రెండో పడితే తక్కువ, ఐదో ఆరో పడితే ఎక్కువ. దేవరకొండ కోట కింద కల్లు అమ్మే ఆయనకు టెన్షన్ గుణం ఆరు, మంచితనం ఒకటి పడ్డది, నిమిషంల మనిషి తయారు, మావోళ్లు ఇప్పటికీ ఆయనతోని కొట్లాడుతనే ఉన్నరు.

లోట్లు గూడ చెప్పాలె. మనుషుల మీద పరిశోధన చేసేటోళ్లు నమ్మేది ఎక్కువగ బిగ్ ఫైవ్‌నే, ఎనియాగ్రామ్‌కి సైన్స్ బలం తక్కువ, అందుకే దాన్ని ఆటకే ఉంచాలె. మా దాంట్ల ఒకరు దోస్తులకే నంబర్లు పెట్టుడు షురూ చేస్తే ఇంకొకరికి మనసుకు తాకి రెండు వారాలు రాలే, అప్పటి సంది టేబుల్ కాడ నిజం మనుషులకు నంబర్లు బంద్. ఇంకోటి, టైపుల గురించి ఉన్న రాతలన్నీ ఇంగ్లీషులనే, మిర్యాలగూడ నుంచొచ్చే తమ్మునికి అవి సదివితే ఏం పట్టకపోయేది. ఇప్పుడు ఏ కొత్తోళ్లనైనా ఒక్కటే అడుగుత, నీ క్యారెక్టర్‌కి రాత్రి నిద్రవట్టకుండ చేసే భయమేంది అని. ఆ జవాబును బట్టి నంబరు నేనే ఎతుకుత.

వచ్చే ఆదివారం సంది రాచకొండ కథ షురూ చేస్తున్న, అందర్ని కొత్త నంబర్లు తీసుకొమ్మన్న, క్లెరిక్ చెల్లె మాత్రం రెండును ఇడుస్త లేదు.