రౌటర్‌కు పవర్ బ్యాంకా, మినీ యూపీఎస్సా?

కరెంటు పోయినప్పుడు రౌటర్ నడవాలంటే ఈ రెండిట్లో ఏది మేలు? ముందు సిమ్ వేసుకునే 4జీ రౌటర్ల అడాప్టర్ మీద చూడండి, చాలావాటికి 12 వోల్టులు అని ఉంటుంది. మామూలు పవర్ బ్యాంక్ ఇచ్చేది 5 వోల్టులు. అందుకే మధ్యలో వోల్టేజీ పెంచే కేబుల్ కావాలి. జేబులో పట్టే చిన్న హాట్‌స్పాట్‌కైతే ఆ బాధ లేదు, ఫోన్‌లాగే నేరుగా పెట్టేయొచ్చు.

పవర్ బ్యాంక్ మీద ఉండే 10,000 ఎంఏహెచ్ అనే అంకె లోపలి 3.7 వోల్టుల సెల్ లెక్క. అంటే అందులో నిల్వ ఉండే శక్తి 37 వాట్ అవర్లు. వోల్టేజీ మార్చడంలో పోయింది పోగా, 6 వాట్లు లాగే రౌటర్ సుమారు 5 గంటలు నడుస్తుంది. ప్రయాణంలో, పొలం దగ్గర ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇంట్లో మాత్రం నా ఓటు మినీ యూపీఎస్‌కే. అదో చిన్న బ్యాటరీ పెట్టె, అడాప్టర్‌కూ రౌటర్‌కూ మధ్య ఎప్పుడూ ఉంటుంది. కరెంటు పోయినా రౌటర్ ఆగదు. చాలా పవర్ బ్యాంకులు ఛార్జర్ పెట్టినప్పుడూ తీసినప్పుడూ ఒక్క క్షణం సరఫరా ఆపేస్తాయి. రౌటర్ రీస్టార్ట్ అయి మళ్లీ నెట్‌వర్క్ పట్టుకునేసరికి ఒకటి రెండు నిమిషాలు పోతాయి. మా అమ్మాయి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

మినీ యూపీఎస్ బ్యాటరీ చిన్నది. 11.1 వోల్టులు, 2,000 ఎంఏహెచ్ అయితే 22 వాట్ అవర్లే, అదే రౌటర్‌కు మూడు గంటలు. రోజంతా కోతలుంటే చాలదు.

ఏది కొన్నా ముందు రౌటర్ వోల్టేజీ, పిన్ సైజు, ప్లస్ మైనస్ గుర్తు చూసుకోండి. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు ఇస్తే కాలిపోవచ్చు.