తిరువనంతపురం ఫిల్మ్ ఫెస్టివల్‌కి నలుగురం: బస, తిండి, క్యూలు

డిసెంబరులో నల్లబట్టలు కట్టుకోకుండా శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎలా ఉంటుందో మా నలుగురికీ బాగా తెలిసొచ్చింది. గుంటూరులో మేం ఎక్కేసరికి కోచ్ నిండా స్వాములే. సీట్ల కింద సంచులు, పై బెర్తుల మీద జాగ్రత్తగా పెట్టిన ఇరుముళ్ళు. కూర్చుని పది నిమిషాలు కాకముందే ఎదుటి గురుస్వామి పలకరించారు.

“మీరెక్కడిదాకా స్వామీ?”

“తిరువనంతపురం స్వామీ.”

“పద్మనాభస్వామి దర్శనానికా?”

“కాదండీ, సినిమాలకి.”

ఆయన మా మొహాలు కాసేపు చూసి, “ఏ హీరోది?” అన్నారు.

కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం గురించి ఆయనకి చెప్పడానికి మా మాస్టారికి తెనాలి నుంచి ఒంగోలు దాకా పట్టింది. 1996లో కోళికోడ్‌లో మొదలైందనీ, తర్వాత తిరువనంతపురంలో స్థిరపడిందనీ, అక్కడి ప్రభుత్వ చలచిత్ర అకాడమీ నడుపుతుందనీ, ఏటా డిసెంబరులో ఎనిమిది రోజులు ఉంటుందనీ. అంతా విన్నాక స్వామి, “అయితే మీదీ దీక్షేలే” అన్నారు. ఆ మాటెంత నిజమో తర్వాత తెలిసింది. పొద్దున ఐదున్నరకి లేచి చన్నీళ్ళ స్నానం చేసి, రెండు పూటలే తింటూ, వారం రోజులు రోజుకి నాలుగు సినిమాలు చూడటం దీక్షకేం తక్కువ కాదు.

మేం వెళ్ళింది 2024లో, డిసెంబరు 13 నుంచి 20 దాకా జరిగిన 29వ ఫెస్టివల్‌కి. నలుగురిలో మాస్టారు రిటైరైన లెక్చరర్. 1986లో ఫిల్మోత్సవ్ హైదరాబాద్‌లో జరిగినప్పుడు కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళొచ్చిన మనిషి. మిగతా ముగ్గురం ఒకే కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం. ఒకడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు, ఇంకొకడు మెడికల్ రెప్, నేను బ్యాంకు ఉద్యోగిని. టికెట్లు ఆగస్టులోనే తీశాం, అప్పటికింకా 120 రోజుల ముందు రిజర్వేషన్ ఉండేది. ఇప్పుడది 60 రోజులే. అయ్యప్ప సీజన్లో ఈ బండికి వెయిటింగ్ లిస్టు ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు కాబట్టి, తేదీలు బయటికి రాగానే మొదటి పని రైలు టికెట్టే. గుంటూరులో సాయంత్రం ఎక్కితే మర్నాడు సాయంత్రానికి దిగుతాం. శబరిమలకి వెళ్ళేవాళ్ళు దిగే స్టేషన్ చెంగన్నూర్‌లో స్వాములంతా దిగిపోయాక కోచ్ మొత్తం మాదే, కాళ్ళు చాపుకుని వెళ్ళాం.

ఇక బస. ఇక్కడ మేం చేసిన తప్పు మీరు చెయ్యకండి. “ఎలాగూ కేరళ వెళ్తున్నాం, సముద్రం పక్కన ఉందాం” అని మెడికల్ రెప్ గాడు కోవళం దగ్గర ఒక హోమ్‌స్టే బుక్ చేశాడు. రోజుకి గదికి 2,600. ఫోటోల్లో బాల్కనీ ఎదురుగా సముద్రం. వెళ్ళి చూస్తే సముద్రం ఉన్న మాట నిజమే, రెండు కొబ్బరి తోటలకి అవతల. అయినా అసలు బాధ అది కాదు. కోవళం నుంచి ఊళ్ళోకి పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. తొమ్మిది, తొమ్మిదిన్నర షోకి అందుకోవాలంటే ఏడున్నరకే బయల్దేరాలి, రాత్రి ఆఖరి ఆట వదిలాక ఆటోవాడిని బతిమాలాలి. కేరళలో రాత్రి పది దాటితే ఆటో మీటరు మీద సగం ఎక్కువ. మొదటి రోజు రాను పోను ఆటోలకైన డబ్బుతో ఊళ్ళో ఇంకో గది వచ్చేది. పైగా సముద్రం దగ్గరికి ఎవరం పోలేదు. పొద్దున చీకటి, రాత్రి చీకటి.

రెండో రాత్రి అడ్వాన్సు వదులుకుని తంపానూర్‌కి మారిపోయాం. రైల్వే స్టేషన్, ఆర్టీసీ బస్టాండు ఎదురెదురుగా ఉండే పేట అది. మన విజయవాడ గాంధీనగర్ లాంటి లాడ్జీల వాడ అనుకోండి. రెండు గదులు, ఒక్కోటి 1,400. గోడలకి తేమ మరకలు, వేడినీళ్ళు పొద్దున ఏడు తర్వాతే, కిటికీ తీస్తే బస్టాండు అనౌన్స్‌మెంట్లు. కానీ కైరళి, శ్రీ, నిళ థియేటర్లు నడిచి ఐదు నిమిషాలు. న్యూ థియేటరూ, ఏరీస్‌ప్లెక్సూ ఆ చుట్టుపక్కలే. అజంతా, శ్రీపద్మనాభ ఈస్ట్ ఫోర్ట్ వైపు, అదీ నడక దూరమే. వళుదక్కాడ్‌లోని టాగూర్ థియేటర్‌కీ, కళాభవన్‌కీ మాత్రం ఆటో కావాలి. పగటిపూట ఆటోవాళ్ళు మీటరు వేశారు, మినిమం 30 రూపాయలు. నలుగురం ఒకే ఆటోలో ఎక్కుతామంటే మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు, మాస్టారు ఎంత సన్నగా ఉన్నానని వాదించినా.

కైరళి, శ్రీ, నిళ మూడూ ప్రభుత్వానివే, కేరళ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళవి. ప్రభుత్వ థియేటర్ అనగానే మేం విరిగిన కుర్చీలు ఊహించుకున్నాం. వెళ్ళి చూశాక సిగ్గేసింది. తెర, సౌండు రెండూ మంచి మల్టీప్లెక్సుకి తీసిపోవు. బయట మెట్లే అసలు ఫెస్టివల్. ఆట ఆటకి మధ్య జనం ఆ మెట్ల మీదే కూర్చుంటారు, అక్కడే టీ, అక్కడే వాదన, అక్కడే ఎవరో డప్పు తీసి పాట అందుకోవడం.

డెలిగేట్ పాస్ 1,180 రూపాయలు, విద్యార్థులకి అందులో సగం. సీట్లు ముందు రోజు పొద్దున ఆన్‌లైన్లో రిజర్వు చేసుకోవాలి. పొద్దున ఎనిమిదయ్యేసరికి నలుగురం లాడ్జీ మంచాల మీద ఫోన్లు పట్టుకుని, తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లకి కూర్చున్నట్టే కూర్చునేవాళ్ళం. పేరున్న సినిమా అయితే టీ చల్లారేలోపు అయిపోతుంది. దొరక్కపోతే రిజర్వేషన్ లేనివాళ్ళ క్యూ. మొదటి రెండు రోజులు ఆ క్యూ అంటే టెన్షన్ పడ్డాం కానీ, మూడో రోజుకి అర్థమైంది, మంచి సినిమాల కబురంతా అక్కడే పుడుతుంది. ముందు నిలబడ్డ అమ్మాయి నిన్న చూసిన ఇరానీ సినిమా బాగుందంటుంది, వెనక ఉన్న బస్సు కండక్టరు ఒప్పుకోడు. నిజంగా కండక్టరే, ఏటా ఈ వారం సెలవు పెట్టుకుంటాడట. నేను ఆరు రోజుల్లో చూసిన 23 సినిమాల్లో బాగా నచ్చిన నాలుగూ క్యూలో విని వెళ్ళినవే. కేటలాగులో టిక్కు పెట్టుకుని వెళ్ళిన వాటిలో రెండింటికి హాయిగా నిద్రపోయాను.

ఆ ఏడాది ఆర్మేనియా సినిమాలకి ప్రత్యేక విభాగం ఉంది. హాంకాంగ్ దర్శకురాలు ఆన్ హుయికి జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చి, ఆవిడ సినిమాలూ వేశారు. మాస్టారు మిగతావన్నీ వదిలేసి ఆవిడ వెంటే పడ్డారు. ప్రారంభోత్సవం కనకక్కున్ను ఆవరణలోని నిశాగంధిలో, ఆరుబయట. బ్రెజిల్ సినిమాతో మొదలుపెట్టారు. ఆరుబయట తెర మీద సినిమా చూసి ఎన్నాళ్ళయిందో! మా ఊళ్ళో వినాయక చవితి పందిట్లో చూసినవి గుర్తొచ్చాయి. డిసెంబరులో అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన ఇంకా పూర్తిగా వెళ్ళిపోదు, గొడుగు సంచిలోనే ఉంచండి.

కళ్ళజోడు వాళ్ళకి ఒక మాట. సబ్‌టైటిల్స్ అన్నీ ఇంగ్లీషులో, తెర అడుగున. ముందు వరసలో పొడుగాటి మనిషి కూర్చుంటే కథ సగమే అందుతుంది. పక్క దారి అంచున ఉన్న సీటు పట్టుకుంటే తల వంచి చదువుకోవచ్చు. ఇంకొకటి, సినిమా అయ్యాక దర్శకులతో మాటామంతీ ఉంటుంది, సాయంత్రం టాగూర్‌లో ఓపెన్ ఫోరం ఉంటుంది. ఇవి చాలావరకు మలయాళంలోకి జారిపోతాయి. కోపాలు, నవ్వులు తప్ప మాకేం అర్థం కాలేదు. అయినా ఒక గంట కూర్చున్నాం. సినిమా గురించి జనం అంత కోపంగా, అభిమాన హీరో పేరెత్తకుండా కొట్లాడుకోవడం మేం మొదటిసారి చూశాం.

తిండి గురించి ఎడిటర్ గాడి ఫిర్యాదులన్నీ రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. మొదటి రోజే మీల్స్‌లో “పచ్చడి” అనగానే వాడు ముద్ద కలిపి రెడీగా కూర్చున్నాడు. వచ్చింది పెరుగులో వేసిన తియ్యటి పైనాపిల్. అక్కడ పచ్చడంటే అదే. మట్ట బియ్యం అన్నం లావుగా, ఎర్రగా ఉంటుంది, రెండు రోజులకి అలవాటవుతుంది. తాగడానికి గులాబీ రంగు వేడినీళ్ళు ఇస్తే గాబరా పడకండి, పతిముఖం చెక్క వేసి కాచిన నీళ్ళవి. గుంటూరు నుంచి గోంగూర సీసా తెచ్చుకున్న రెప్ గాడు ఆ వారం మా అందరికీ దేవుడు.

బస్టాండు పక్కనే ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. ఇటుకల బురుజు లాంటి గుండ్రటి కట్టడం, లోపల మెట్లుండవు, చుట్టూ తిరుగుతూ ఏటవాలుగా పైకి పోయే దారి, గోడ వెంబడి టేబుళ్ళు. ఖాళీ టేబుల్ దొరికేదాకా నడుస్తూనే పైకి పోవాలి. తలపాగాకి విసనకర్రలా కుచ్చు పెట్టుకున్న సర్వర్లు ఆ వాలులో కాఫీ ఒలక్కుండా ఎలా తెస్తారో చూడటానికే వెళ్ళొచ్చు. మసాలా దోసెలో బీట్‌రూట్ ఉంటుంది. మాస్టారు మొదటి ముక్క విరిచి లోపల ఎర్రగా కనబడగానే ప్లేటు నా వైపు తోసేశారు. నాకు నచ్చింది. ధరలు తక్కువ, రుచి ఫరవాలేదు, ఆ కట్టడం మాత్రం మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది బోళి. మన బొబ్బట్టుకి చెల్లెలు, పల్చగా, పసుప్పచ్చగా, లోపల శనగపప్పు పూర్ణం. దాన్ని ఆకులో వేసి పైన పాల పాయసం పోస్తారు, చేత్తో చిదిమి కలుపుకుని తినాలి. బొబ్బట్టుకి నెయ్యే గానీ పాయసమేంటని నసిగిన ఎడిటర్ గాడు మూడు తిన్నాడు.

ఊరు చూడటం పెద్దగా కుదర్లేదు. పద్మనాభస్వామి గుడికి ఒక పొద్దున వెళ్ళాం. మగవాళ్ళు చొక్కా విప్పి ముండు, అంటే పంచె, కట్టుకోవాలి, ఫోన్లు లోపలికి రానివ్వరు. రాత్రిళ్ళు మానవీయం వీధిలో టీ తాగుతూ కూర్చోవడం మాత్రం ఒక్కరోజూ మానలేదు.

రెండేళ్ళ ముందు నవంబరులో ఇదే బృందం గోవాలో ఇఫీకి, అంటే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి, వెళ్ళింది. 2004 నుంచి అది గోవాలోనే జరుగుతోంది కదా. అక్కడ పణజీలో మాకు దొరికిన గది దీనికి రెండింతలు, థియేటర్లలో కొన్ని మాండవి నది అవతల పర్వరిలో. అయినా తప్పు గోవాది కాదు. ఐదు రోజుల్లో మేం చూసినవి ఏడు సినిమాలు, మిగతా లెక్క బీచులకి వెళ్ళింది. విహారం కలిసిరావాలంటే గోవాకే పొండి. సినిమాలే కావాలంటే తంపానూర్ లాడ్జీ. హైదరాబాద్‌లో ఇలాంటిదొకటి ఏటా ఉంటే ఈ బాధంతా దేనికని మాస్టారు మానవీయం వీధిలో రోజూ ఒక ఉపన్యాసం ఇచ్చేవారు. టీ డబ్బులు ఆయనే ఇచ్చేవారు కాబట్టి వినేవాళ్ళం.

21న పొద్దున్నే తిరుగు బండి. చెంగన్నూర్‌లో మళ్ళీ స్వాములు ఎక్కారు, ఈసారి దర్శనాలు అయిపోయినవాళ్ళు. పక్క సీటు స్వామి అరవణ డబ్బా మూత తీసి నలుగురి చేతుల్లోనూ పెట్టారు. “మీకు దర్శనం బాగా అయిందా?” అనడిగారు. మాస్టారు అరవణ చప్పరిస్తూ, “పందొమ్మిది అయ్యాయండీ” అన్నారు.