విండోస్, మ్యాక్, లైనక్స్: పదిహేనేళ్లు వాడాక నా గోల

ఒకరోజు రాత్రి సర్వర్ మొరాయిస్తే బ్రౌజర్‌లోనే కన్సోల్ తెరిచి పొడుగాటి కమాండ్ ఒకటి కొడుతున్నా, చివర్లో ఒక పదం తప్పు పడింది, టెర్మినల్‌లో, అంటే ఇలా కమాండ్లు కొట్టే తెరలో, పదం చెరపాలంటే కంట్రోల్ డబ్ల్యూ కదా, వేళ్లు వాటంతట అవే నొక్కేశాయి, అంతే, ట్యాబ్ మొత్తం మూసుకుపోయింది. కొట్టిన కమాండూ పోయింది, కన్సోలూ పోయింది, లాగిన్ దగ్గర్నుంచి మళ్లీ మొదలు. అప్పుడు నా ముందున్నది లైనక్స్ డెస్క్‌టాప్, విండోస్ అయినా అదే జరిగేది. మ్యాక్‌లో మాత్రం జరగదు, అక్కడ ట్యాబ్ మూయడానికి కమాండ్ అనే వేరే కీ ఉంది, కంట్రోల్ కీ టెర్మినల్ సొంతం. ఆఫీసులో మ్యాక్ ఎందుకు ఇష్టం అని ఎవరైనా అడిగితే బ్యాటరీ బాగుంటుంది, స్క్రీన్ బాగుంటుంది అని ఏదో చెప్తాగానీ అసలు కారణం ఆ ఒక్క కీ.

ప్రస్తుతం నా దగ్గర ఈ మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ (ఓఎస్‌లు) ఉన్నాయి. ఆఫీసువాళ్లిచ్చిన ఎం1 ప్రాసెసర్ మ్యాక్‌బుక్, ఇంట్లో నా డెస్క్‌టాప్‌లో లైనక్స్ మింట్ (లైనక్స్‌లో ఒక రకం), పక్కన ఒక ల్యాప్‌టాప్‌లో విండోస్ 11. మొదలుపెట్టింది అందరిలాగే విండోస్ ఎక్స్‌పీతో. 2010లో ఉబుంటు 10.04 (ఇదీ ఒక రకం లైనక్సే) వేసుకున్నా, ఆ వెర్షన్‌లోనే విండో మూసే బటన్లు కుడివైపు నుంచి ఎడమవైపుకి మార్చారు, నాకేమో లైనక్స్ అంటేనే అలా ఉంటుందేమో అనుకుని అలవాటు చేసుకున్నా, తీరా 2017లో 17.10 వచ్చేసరికి మళ్లీ కుడివైపుకి తెచ్చారు. ఏడేళ్లు ఎడమచేతివాటం నేర్పి ఇప్పుడు కాదంటే ఎలా చెప్పండి.

ముందు ఆఫీసు సంగతి. నా పని కోడ్ రాయడం, రాసింది పోయి నడిచేది లైనక్స్ సర్వర్‌లో. కాబట్టి ముందున్న మెషిన్‌లో ఏ ఓఎస్ ఉన్నా చివరికి లైనక్స్‌తో లెక్క సరిపోవాలి, తేడాలొచ్చేది అక్కడే. విండోస్ మీద చేసే రోజుల్లో ఒక స్క్రిప్ట్ (వరసగా నడవాల్సిన కమాండ్ల ఫైలు) రాసి సర్వర్‌లో పెడితే బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అని తిట్టింది, ఫైల్ తెరిచి చూస్తే మొదటి లైను నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉంది, ఒకటికి పదిసార్లు చదివా. ఎర్రర్‌ని జాగ్రత్తగా చూస్తే బ్యాష్ (స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) అన్న పదం వెనకాల ఒక టోపీ గుర్తూ ఎమ్ అక్షరమూ ఉన్నాయి. సంగతేంటంటే విండోస్‌లో లైను అయిపోయిందని చెప్పడానికి కంటికి కనపడని రెండు గుర్తులు పెడతారు, లైనక్స్‌లో ఒక్కటే, ఆ ఎక్కువైన గుర్తుని లైనక్స్ ప్రోగ్రామ్ పేరులో భాగం అనుకుంది. ఎడిటర్‌లో ఒక సెట్టింగ్ మారిస్తే పోయే విషయం, కానీ తెలిసేదాకా గంటన్నర పట్టింది.

మ్యాక్‌కి మారితే ఈ గొడవలు ఉండవు అనుకున్నా. ఇది పోయింది, ఇంకోటి వచ్చింది. ఒక పేజీలో బొమ్మ నా దగ్గర చక్కగా కనిపిస్తోంది, సర్వర్‌లో కనిపించట్లేదు. ఫైలు పేరు పెద్ద ఎల్‌తో ఉంది, కోడ్‌లో నేను చిన్న ఎల్ రాశా. మామూలుగా మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ ఆ రెండూ ఒకే ఫైలు, లైనక్స్‌లో రెండూ వేరే. తర్వాత 2021లో ఎం1 చేతికొచ్చింది, దాని ప్రాసెసర్ ఏఆర్ఎం, అంటే ఇంటెల్‌ది కాని వేరే రకం కదా, నేను కట్టిన డాకర్ ఇమేజ్‌ని (ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన మూట) మామూలు ఇంటెల్ సర్వర్‌లో నడపబోతే ఎక్సెక్ ఫార్మాట్ ఎర్రర్, అంటే ఈ ప్రోగ్రామ్ నాకు అర్థం కాదని. బిల్డ్ చేసేటప్పుడు ఏ ప్లాట్‌ఫామ్ కోసమో చెప్పాలని అప్పుడు తెలిసింది. అంటే ఎవరు ఏది వాడినా సరే, సర్వర్‌లో ఉన్న ఓఎస్సే మన ముందున్న మెషిన్‌లోనూ ఉంటే సగం తలనొప్పులు ఉండవు, ఇది నేను ఒప్పుకుంటా. అయినా సరే ఆఫీసులో నా ఓటు మ్యాక్‌కే, ఎందుకంటే పై ఎర్రర్లు నెలకోసారి వస్తాయి, కాపీ పేస్ట్ రోజుకి రెండొందలసార్లు చేస్తా.

ఆ కాపీ పేస్ట్ బాధ వాడేవాళ్లకే తెలుస్తుంది. లైనక్స్ టెర్మినల్‌లో కంట్రోల్ సి కొడితే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోతుంది, కాపీ కావాలంటే మధ్యలో షిఫ్ట్ కూడా నొక్కాలి, సరే అలవాటు చేసుకుంటాం, తర్వాత అదే అలవాటుతో ఫైర్‌ఫాక్స్‌లో షిఫ్ట్ కలిపి నొక్కితే పేజీ లోపలి కోడ్ చూపించే డెవలపర్ టూల్స్ కింద నుంచి పైకి లేస్తాయి. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తూ ఇది ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. మ్యాక్‌లో ఆ కమాండ్ కీ వేరేగా ఉండబట్టి ఈ బాధ లేదు.

మ్యాక్‌లో నచ్చనివి లేవా అంటే బోలెడు. ఫైండర్‌లో (మ్యాక్‌లో ఫైళ్లు చూసే యాప్) ఫైలు మీద ఎంటర్ కొడితే తెరుచుకోదు, పేరు మార్చమంటుంది, ఇదేం లాజిక్కో ఇన్నేళ్లైనా బుర్రకెక్కలేదు. ఫైలు కట్ చేసి ఇంకోచోట పెట్టాలంటే ముందు కాపీ చేసి పేస్ట్ చేసేటప్పుడు ఆప్షన్ కీ కలపాలి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉన్న హార్డ్ డిస్క్ పెడితే చదువుతుందిగానీ రాయదు, అందుకే నా పెన్ డ్రైవులన్నీ మూడింటికీ పనికొచ్చే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోనే. రెండు విండోలు పక్కపక్కన అతికించడం విండోస్ 7లో 2009లోనే ఉంది, మ్యాక్‌లో అలా అంచుకి లాగి అతికించేది 2024లో సెకోయా వెర్షన్‌తో వచ్చింది, పదిహేనేళ్లు వేరే యాప్ పెట్టుకుని నెట్టుకొచ్చారు జనం.

ఇంట్లో మాత్రం లెక్క వేరు. ఇంట్లో నాకు కావాల్సింది నన్ను పలకరించని కంప్యూటర్. ఆన్ చేస్తే ఆన్ అవ్వాలి, నా పని చేసుకోనివ్వాలి, కొత్త ఫీచర్ చూశారా, ఈ అకౌంట్‌తో సైన్ ఇన్ అవుతారా అని అడక్కూడదు. మింట్ ఈ విషయంలో నాకు బాగా నచ్చింది. అప్‌డేట్లు వస్తే కింద మూలన చిన్న గుర్తు వస్తుంది, నేను నొక్కితే వేస్తుంది లేదంటే అక్కడే కూర్చుంటుంది. మింట్ 22 అనేది ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అప్పటిదాకా నేను దాని జోలికి వెళ్లక్కర్లేదు. పాత స్కానర్ ఒకటి ఉంది, దాని కంపెనీవాళ్లు కొత్త విండోస్‌కి డ్రైవర్ ఇవ్వడం ఎప్పుడో మానేశారు, మింట్‌లో కేబుల్ పెట్టగానే గుర్తుపట్టేసింది, నేనేమీ ఇన్‌స్టాల్ చేయలేదు. అలాగని అన్నీ ఇంత సుఖంగా లేవు, వైఫై కార్డుకి డ్రైవర్ లేక మొదట్లో వారం పాటు ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి ఇంటర్నెట్ వాడుకున్నా.

ఇక నాన్న ల్యాప్‌టాప్ కథ. 2012 మోడల్, 4 జీబీ ర్యామ్, విండోస్ 7. 2020 జనవరి 14తో విండోస్ 7 సపోర్ట్ ఆగిపోయింది కదా, అప్పుడు మింట్ 19.3లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేసి ఇచ్చా, హార్డ్ డిస్క్ తీసి దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ కూడా పెట్టా. లైనక్స్ వేస్తే ఎంత స్పీడ్ అయిందో అని అందరూ అంటుంటారుగానీ నిజాయితీగా చెప్తున్నా, అందులో ముప్పావు వంతు ఎస్‌ఎస్‌డీ గొప్పతనమే. నాన్నకి కావాల్సింది బ్రౌజర్, మెయిల్, వీడియో కాల్, అప్పుడప్పుడు ఒక ప్రింటు, అన్నీ పనిచేశాయి. రెండు నెలలు ఒక్క కంప్లయింట్ లేదు. తర్వాత ఒకరోజు ఫోన్.

"ఒరేయ్, నేను రాయని మాటలు నా మెయిల్లోకి ఎలా వస్తున్నాయిరా? ఎవడో లోపల కూర్చుని టైప్ చేస్తున్నాడు."

వైరస్ అనుకుని భయపడిపోయారు. వెళ్లి చూశా. స్నేహితుడికి మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతూ రాసిన వాక్యం మధ్యలో, మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి అన్న బ్యాంకువాళ్ల హెచ్చరిక ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ అర్థం కాలేదు, పక్కన కూర్చుని ఆయన వాడుతుంటే అరగంట చూశా. అప్పుడు తెలిసింది. నాన్న పుస్తకాన్ని వేలు పెట్టి చదివినట్టు స్క్రీన్ మీద వాక్యాన్ని మౌస్‌తో సెలెక్ట్ చేసుకుంటూ చదువుతారు. లైనక్స్‌లో సెలెక్ట్ చేస్తే చాలు అది కాపీ అయిపోయి ఉంటుంది, మౌస్ చక్రాన్ని లోపలికి నొక్కితే పేస్ట్ అవుతుంది. ఆయన మెయిల్లో పైకీ కిందకీ వెళ్లడానికి చక్రం తిప్పేటప్పుడు వేలు బరువుకి అది నొక్కుకుపోతోంది. విండోస్‌లో ఇన్నేళ్లూ అలాగే నొక్కారు, అక్కడ అలా పేస్ట్ అవ్వదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నాకేమో ఆ చక్రం పేస్ట్ ప్రాణం, అది లేకుండా పనే జరగదు. అదే ఫీచర్ ఆయనకి దెయ్యం. సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టే ఓపిక లేక చక్రం కాస్త గట్టిగా ఉండే మౌస్ మార్చి ఇచ్చా, ఆ రోజు నుంచి లోపలివాడు టైప్ చేయడం మానేశాడు.

విండోస్ ఎందుకు ఉంచుకున్నావు మరి అంటే ఎక్సెల్ కోసం. లిబ్రేఆఫీస్ (ఎక్సెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) నా సొంత లెక్కలకి చక్కగా సరిపోతుంది, కానీ మాక్రోలు, అంటే షీట్ లోపలే రాసిన చిన్న ప్రోగ్రామ్‌లు, నింపిన షీట్ ఎవరైనా పంపితే అందులో తెరవడం అనవసరమైన సాహసం. ఇంకోటి పాత సాఫ్ట్‌వేర్. ఇరవై ఏళ్ల నాటి 32 బిట్ (పాత తరం ప్రాసెసర్ల కోసం రాసిన) ప్రోగ్రామ్ ఒకటి నా దగ్గర ఉంది, విండోస్ 11లో డబుల్ క్లిక్ చేస్తే ఇప్పటికీ తెరుచుకుంటుంది. మ్యాక్‌లో 2019లో కెటలీనా వెర్షన్ రాగానే 32 బిట్ యాప్‌లన్నిటికీ తలుపు వేసేశారు. పాతవాటిని మోసుకురావడంలో విండోస్‌ని కొట్టేది లేదు, అందుకే అది అంత బరువుగా ఉంటుందేమో కూడా. విండోస్ కీతో వి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా చూపిస్తుంది చూడండి, అది మాత్రం వేరే ఏ మెషిన్ మీద కూర్చున్నా మిస్ అవుతా. డబ్ల్యూఎస్ఎల్ వచ్చాక విండోస్ లోపలే లైనక్స్ నడుపుకోవచ్చు, బాగుంది, కానీ ఫైళ్లు సి డ్రైవ్‌లో ఉంచి లోపలి లైనక్స్ నుంచి వాడితే నత్తనడక, లైనక్స్ వైపే పెట్టుకోండి.

డ్యూయల్ బూట్ (ఒకే మెషిన్‌లో రెండు ఓఎస్‌లు పెట్టుకోవడం) గురించి రెండు ముక్కలు, కొత్తవాళ్లు తప్పకుండా ఇందులో కాలేస్తారు కాబట్టి. ఒకటి, లైనక్స్ నుంచి విండోస్‌కి వెళ్తే గడియారం తప్పు చూపిస్తుంది, ఎందుకంటే బోర్డు మీదున్న గడియారంలో విండోస్ లోకల్ టైమ్ ఉంచుతుంది, లైనక్స్ యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్) ఉంచుతుంది, బ్యాటరీ పోయిందని బోర్డు విప్పకండి. రెండు, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగిపోదు, విండోస్ ఉన్న పార్టిషన్‌ని (డిస్క్‌లో ఆ భాగాన్ని) లైనక్స్‌లో తెరిస్తే చదవనిస్తుందిగానీ రాయనివ్వదు. నేను డిస్క్ పాడైందనుకుని కొత్త డిస్క్ కొనబోయా.

తెలుగు టైపింగ్ సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు. ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే) పద్ధతి మూడింటిలోనూ ఉంది, అదొకటి నేర్చుకుంటే ఏ మెషిన్ మీదైనా బతికేయొచ్చు. నేను బద్ధకిస్టుని, లైనక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఆర్‌టీఎస్‌లో (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) కొడతా. ఇబ్బంది వచ్చేది "విండోస్‌లో", "లైనక్స్‌లో" అనే మాటలు రాసేటప్పుడే. మధ్యలో కనపడని ఒక అక్షరం పెట్టకపోతే సకారం కింద లకారం వత్తు పడి "విండోస్లో" అవుతుంది. ఆ కనపడని అక్షరం ఏ కీలో ఉందో ఒక్కో ఓఎస్‌లో ఒక్కోలా, ఈ సమీక్ష రాయడానికి మింట్ మీద కూర్చున్న కారణం అదొక్కటే, ఇక్కడ అది నా వేలికి తెలుసు.

నా వెధవ పని ఒకటి చెప్పకపోతే అన్యాయం. మింట్ ఇన్‌స్టాల్ చేసే పెన్ డ్రైవ్ తయారు చేద్దామని డీడీ (డిస్క్ మీద నేరుగా రాసేసే) కమాండ్ కొట్టా. లైనక్స్ పెట్టిన పేర్ల ప్రకారం పెన్ డ్రైవ్ ఎస్‌డీసీ, ఫోటోలున్న హార్డ్ డిస్క్ ఎస్‌డీబీ. నేను ఎస్‌డీబీ అని కొట్టా. డీడీ ఏమీ అడగదు, నిజమా అనదు, ఆలోచించుకో అనదు, చెప్పింది చేసేస్తుంది. పెన్ డ్రైవ్ లైటు వెలగట్లేదేంటా అని చూసేసరికి డిస్క్ మొదట్లో రెండు జీబీలు పోయాయి. ఫోటోరెక్ అనే, పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రామ్‌తో చాలా ఫోటోలు వెనక్కొచ్చాయి, కాకపోతే పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, అన్నీ ఎఫ్ అక్షరం పెట్టి దాని వెనక పొడుగాటి అంకెలు. ఇప్పటికీ ఆదివారాలు కూర్చుని అందులో ఎవరి పెళ్లి ఎప్పటిదో ఏరుతుంటా. ఇది లైనక్స్ తప్పు కాదు, నేను రాత్రి ఒంటిగంటకి చేసిన పని.

ఇప్పుడు ఇంట్లో ఇంకో డెస్క్‌టాప్ వంతు వచ్చింది. ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్, నిక్షేపంగా పనిచేస్తోంది, కానీ విండోస్ 11కి ఎనిమిదో తరం ప్రాసెసరూ టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పూ కావాలి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కావాలంటే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకోవచ్చు. దాన్ని వాడేది అక్క, అక్కకి ఎక్సెల్ అక్కర్లేదు, చక్రం మీద వేలు కూడా తేలికే, చూశా. అందుకని మింట్ వేద్దామనుకుంటున్నా. పెన్ డ్రైవ్ రెడీ, ఈసారి డీడీ జోలికి పోకుండా మింట్‌లోనే ఉన్న యూఎస్‌బీ ఇమేజ్ రైటర్‌తో చేశా, చేసేముందు ఆ ఫోటోల డిస్క్ కేబుల్ పీకేసి తీసుకెళ్లి పక్క గదిలో పెట్టొచ్చా.