సినిమా రచన: కోర్సు చేయాలా, రైటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాలా?

డబ్బు: కోర్సుకు ఫీజు, హాస్టల్ ఖర్చు మనమే పెట్టుకోవాలి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ) లాంటి ప్రభుత్వ సంస్థలో సీటు కావాలంటే ఎంట్రన్స్ గట్టెక్కాలి. అసిస్టెంట్‌కి ఫీజు గొడవ లేదు, జీతానికి గ్యారంటీ కూడా లేదు. సినిమావాళ్లు ఎక్కువగా ఉండే హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది అద్దె మాత్రం ఒకటో తారీఖుకల్లా కట్టాల్సిందే.

పని: కోర్సులో మీ కథ మీరే రాస్తారు, చీవాట్లు తింటారు, తిరగరాస్తారు. అసిస్టెంట్‌గా స్టోరీ సిట్టింగుల్లో, అంటే కథా చర్చల్లో, రాసేది వేరేవాళ్ల కథ. కానీ పొద్దున ఓకే అయిన ఇంటర్వెల్ సీన్, హీరో డేట్లు మారాయని తెలిశాక సాయంత్రానికి ఎలా మారిపోతుందో అక్కడే కళ్లారా చూస్తారు. రెండున్నర గంటల కథను నిర్మాత ఫోన్ వైపు చూడకుండా పావుగంటలో చెప్పడం కూడా అక్కడే అబ్బుతుంది. నన్నడిగితే ఇది ఏ సిలబస్‌తోనూ రాదు.

రిస్క్: కోర్సు అయ్యాక ఆఫీసుల చుట్టూ తిరగడం ఎలాగూ తప్పదు. అసిస్టెంట్‌కి అసలు టెన్షన్ టైటిల్ కార్డులో పేరు గురించే. కాపీరైట్ వట్టి ఐడియాకు ఉండదు, రాసిన స్క్రిప్టుకే ఉంటుంది. కాబట్టి సొంత కథ ఎవరికైనా వినిపించేముందు పూర్తిగా రాసి, రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి.

ఎవరికి ఏది: ఒక్క స్క్రిప్టూ పూర్తిచేయనివాళ్లకు, ఇంటి నుంచి ఆసరా ఉంటే, కోర్సు. రెండు మూడు స్క్రిప్టులు చేతిలో ఉండి తెలుగు కమర్షియల్ సినిమానే రాయాలనుకుంటే అసిస్టెంట్ పని. ఈఎంఐలు కడుతున్న ఉద్యోగస్తులైతే ఈ రెండూ ఆపి, ముందు ఒక షార్ట్ ఫిల్మ్ రాయడం నయం.