ఫోటో చూసి చెప్పే స్కిన్ డాక్టర్ సర్వీస్: ఐదుకి మూడు స్టార్లు

స్నానం చేస్తుంటే అంగం తల అంచు చుట్టూ చిన్న చిన్న బుడిపెలు వరుసగా కనిపించాయి. ఎప్పటినుంచి ఉన్నాయో తెలీదు, అంతకుముందు అంత పట్టిపట్టి చూసుకున్నదీ లేదు. ఆ రాత్రి నెట్‌లో ఫోటోలు చూస్తూ కూర్చుంటే తెల్లారేసరికి నాకు లేని సుఖవ్యాధి లేదు. డాక్టర్ ముందు బట్టలు విప్పాలంటే సిగ్గేసి, ఫోటో పంపితే స్కిన్ డాక్టర్ చూసి చెప్పే ఆన్‌లైన్ సర్వీస్ ఒకటి పట్టుకున్నాను. పేరు రాయను.

ఇందులో నిజంగా బాగున్నవి ఫోటోకి ముందు అడిగే ప్రశ్నలు. దురద ఉందా, మంట ఉందా, ఈ మధ్య పెరిగాయా, రసి కారిందా, కొత్తవాళ్లతో కలిశారా, అక్కడ షేవ్ చేశారా. అన్నిటికీ 'లేదు' అని కొడుతుంటేనే సగం టెన్షన్ దిగింది.

తర్వాతే చిరాకు. రాత్రి ఫ్లాష్ వేసి తీసిన మసక ఫోటో చూసి 'పులిపిర్లు కావచ్చు' అని ఒక్క ముక్క రాశారు, కిందే టెస్టుల ప్యాకేజీ కొనమని బటన్! రెండు రోజులు అన్నం సహించలేదు. పగటి వెలుతురులో మళ్లీ తీసి పంపితే ఇంకో డాక్టర్ తీరిగ్గా వివరించారు: వీటిని పర్లీ పెనైల్ పాప్యూల్స్ అంటారు, 1 నుంచి 3 మిల్లీమీటర్లు, అన్నీ ఒకే సైజు, పూసలు గుచ్చినట్టు వరుసగా ఉంటాయి, చాలామంది మగవాళ్లకి ఉంటాయి, అంటుకోవు, మందు అక్కర్లేదు. పులిపిర్లయితే ఇంత బుద్ధిగా వరుసలో ఉండవట. ఒక్కోటి ఒక్కో సైజు, పైన కోడిజుట్టులా గరుగ్గా ఉండి, వారాలు గడిచేకొద్దీ పెరుగుతాయి, పక్కకి పాకుతాయి. అవి ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వస్తాయి. చర్మం సాగదీస్తే లేత పసుపు చుక్కలు కనిపిస్తే అవి ఫోర్డైస్ మచ్చలు, అంటే చర్మంలో సహజంగా ఉండే నూనె గ్రంథులు. పెదాల మీద కూడా ఉంటాయి, అద్దంలో చూసుకుంటే నాకూ కనిపించాయి! ఆడవాళ్లకి యోని ముఖద్వారం దగ్గర మెత్తటి మొలకల్లాంటివి ఉండొచ్చు, అవీ మామూలే. దేని మొదలు దానికి విడిగా ఉంటుంది, పులిపిర్లలో మాత్రం చాలావరకు నాలుగైదు ఒకే మొదలు నుంచి లేస్తాయి.

నమ్మకం చాలక చివరికి సిగ్గు పక్కన పెట్టి నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికీ వెళ్లాను. లైటున్న చిన్న భూతద్దం, డెర్మటోస్కోప్ అంటారు, ఆనించి చూసి రెండు నిమిషాల్లో అదే మాట చెప్పారు. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో కూడా తడిమి చూశారు. ఆ పని ఏ ఫోటో చేస్తుంది?

అందుకే ఈ సర్వీస్ అందరికీ సరిపోదు. ముందు చిమచిమలాడి, తర్వాత గుంపుగా నీటిపొక్కులు లేచి, చితికి పుండ్లయితే హెర్పిస్ అనుకోవాలి, పుండు పచ్చిగా ఉన్నప్పుడే దాని నుంచి శాంపిల్ తీయించాలి. మధ్యలో గుంట ఉన్న నున్నటి బుడిపెలు మొలస్కం అనే వైరస్ చర్మవ్యాధి కావచ్చు, అదీ అంటుకునేదే. అన్నిటికంటే మోసకారి సిఫిలిస్. చాలావరకు ఒక్కటే పుండు, గట్టిగా, నొప్పి లేకుండా వచ్చి 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుంది, రోగం మాత్రం లోపలే ఉంటుంది. దానికి రక్తపరీక్ష తప్పదు. చేతి పులిపిర్లకి వాడే యాసిడ్ మందు మాత్రం అక్కడ రాయకండి, చర్మం కాలిపోతుంది.

ప్రశ్నలకీ రెండో డాక్టర్‌కీ కలిపి మూడు స్టార్లు. ఆ బటన్‌కి ఒకటి, మసక ఫోటో వెనక్కి పంపనందుకు ఒకటి కోసేశాను. ఫోటోలు డిలీట్ చేసే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉంది, వెతికి మరీ నొక్కండి.