‘రీజెన్సీ కంప్లీట్ సెట్’ పేరుతో అమ్ముతున్న డ్యూక్ నవలల జోలికి పోకండి

ఇంగ్లండులో డ్యూకులు, ఎర్ల్‌లు లాంటి బిరుదున్న ప్రభువుల పెళ్లి కథలు ఇష్టంగా చదివేవాళ్ల కోసం ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు ఆరు పేపర్‌బ్యాకులు కలిపి ‘రీజెన్సీ రొమాన్స్, కంప్లీట్ సిరీస్, స్వీట్ అండ్ క్లీన్’ అని 1,800 రూపాయలకు అమ్ముతున్నాడు. లేత ఊదా రంగు కవర్లు, వీపు చూపిస్తూ నిలబడ్డ గౌను అమ్మాయి, ఎదురుగా పెద్ద బంగళా. ఫోటోలో ముచ్చటగానే ఉంటుంది. తెప్పించుకుని ఆరూ చదివాను. సిరీస్ కంప్లీట్ కాదు, కథలన్నీ క్లీన్ కావు (అంటే పిల్లలకు ఇవ్వలేని పడకగది సీన్లు లేనివి కావు), రీజెన్సీ అంటే 1811-20 నాటి ఇంగ్లండు, అదైతే అసలే కాదు.

ఆరో పుస్తకం చివరి పేజీలో హీరోయిన్ డోవర్‌లో ఓడ ఎక్కుతుంది. హీరో రేవులో నిలబడి ఉంటాడు. అంతే, కింద ‘ఏడో భాగం త్వరలో’ అని ఉంది. ఆ ఏడో భాగం ఎంత వెతికినా ఎక్కడా లేదు. ఈ కథలు కొనేదే చివరికి ఇద్దరూ కలుస్తారన్న భరోసాతో. అది కూడా ఇవ్వకపోతే మిగిలేది కాగితం, ఆ కాగితమూ నాసిరకమే. మార్జిన్ సరిగ్గా వదలకపోవడంతో లోపలివైపు అక్షరాలు బైండింగ్‌లో ఇరుక్కుపోయాయి, పుస్తకాన్ని విరగదీస్తే గానీ కనపడవు. నాలుగో పుస్తకంలో పదకొండో చాప్టర్ రెండుసార్లు వేశారు, పన్నెండోది లేదు. రెండో దాంట్లో హీరో అడ్రియన్‌గా మొదలై, మధ్యలో సెబాస్టియన్ అయిపోతాడు. ఎందుకో ఎవరూ చెప్పరు. కాపీరైటు పేజీలో పబ్లిషరు చిరునామా లేదు, మొదట ఎప్పుడు అచ్చయిందో లేదు. మనిషి రాశాడా, మెషీన్ చేత రాయించారా అని అనుమానం వచ్చిందంటే రాదూ మరి!

‘క్లీన్’ సంగతి మాత్రం సీరియస్‌గా తీసుకోవాలి. ఐదో పుస్తకం భాష, కథ నడిచే తీరు చూస్తే పాత నవలకు కొత్త కవర్ తొడిగారని ఇట్టే తెలుస్తుంది. 1970లు, 80లలో ఇంగ్లిష్‌లో వచ్చిన హిస్టారికల్ రొమాన్సుల్లో చాలావాటిలో హీరో హీరోయిన్‌ను బలవంతం చేయడం, తర్వాత ఆమె అతన్నే ప్రేమించడం మామూలు. ఆ కాలం పుస్తకాలు కావాలని చదివేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ‘స్వీట్’ అన్న మాట నమ్మి దీన్ని మా అక్క కూతురికి పుట్టినరోజు కానుకగా ఇద్దామనుకున్నాను. ముందు నేను చదవబట్టి సరిపోయింది. పెళ్లి రాత్రి హీరోయిన్ ఏడుస్తూ తలుపు గొళ్లెం వెతుక్కునే సీను ఉన్న పుస్తకాన్ని పదహారేళ్ల పిల్ల చేతిలో ఎలా పెడతాం?

ఇక రీజెన్సీ. మూడో జార్జి రాజుకు మతి చలించి కొడుకు రీజెంటుగా పాలించిన కాలం అది, 1811 నుంచి 1820 దాకా. మొదటి పుస్తకం మొదటి లైన్లోనే ‘లండన్, 1815’ అని వేశారు. ముప్ఫై పేజీలు తిరక్కుండా హీరోయిన్ బాత్ నగరానికి రైలెక్కింది. లండన్ నుంచి బాత్‌కు రైలు వచ్చింది 1841లో. ఆమె మెడలో లాకెట్, అందులో చనిపోయిన తల్లి ఫోటో. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. ఇంకోచోట హీరోయిన్ పిన్నికి దక్షిణాదిలో ‘గోల్కొండ కోట కింద గనిలో తవ్విన’ వజ్రాల హారం ఉంటుంది. కోట కింద గనులేమీ లేవండీ. వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల వైపు. గోల్కొండ వాటి బజారు. ఇలాంటివి నవ్వుకుని వదిలేస్తాను. నవల చదివేది చరిత్ర పరీక్ష రాయడానికి కాదు కదా.

పెళ్లి విషయంలో తప్పు రాస్తే మాత్రం వదలను. ఈ కథలకు ప్రాణం ప్రేమే అయినా, వాటిని నడిపించేది చట్టం. విడిపోవడానికి దారి ఉండదు కాబట్టే ఇష్టంలేని పెళ్లి చేసుకున్న ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాల్సి వస్తుంది, ఉంటారు కాబట్టే మెల్లగా దగ్గరవుతారు. ఆ దారి ఎప్పుడు పడితే అప్పుడు తెరుచుకునేదే అయితే ఇక కథేముంది?

మొదటి పుస్తకం కథ వినండి. డ్యూక్ అప్పుల్లో ఉన్నాడు, అమ్మాయికి డబ్బుంది. ‘ఆరు నెలలు పేరుకి భార్యాభర్తల్లా ఉందాం, ఒకరినొకరం ముట్టుకోవద్దు, తర్వాత పెళ్లి రద్దు చేయించుకుందాం’ అని ఒప్పందం. నవలంతా ఈ ఒక్క ముడి మీదే నడుస్తుంది. కానీ అప్పటి ఇంగ్లండులో భార్యాభర్తలు కలవలేదన్న ఒక్క కారణంతో పెళ్లి రద్దయ్యేది కాదు. మొగుడు అసలు కాపురానికి పనికిరాడని చర్చి కోర్టులో రుజువు కావాలి. అందుకు మామూలుగా మూడేళ్లు కలిసి ఉండి చూడాలి, డాక్టర్ల పరీక్షలు ఉండేవి. వారసుడి కోసం తహతహలాడే ఏ డ్యూకు లోకం ముందు ఆ మాట ఒప్పుకుంటాడు?

పోనీ విడాకులా అంటే, అది ఇంకా కష్టం. 1857 దాకా మళ్లీ పెళ్లి చేసుకునే వీలున్న విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి. ముందు భార్య ప్రియుడి మీద నష్టపరిహారానికి దావా, తర్వాత చర్చి కోర్టులో వేరు కాపురం తీర్పు, ఆ తర్వాత పార్లమెంటు. ఇంటి గుట్టంతా పత్రికల్లో అచ్చయ్యేది. ఆడవాళ్లకైతే ఆ తలుపు దాదాపు మూసే ఉండేది. అలా చట్టం తెచ్చుకోగలిగిన మొదటి స్త్రీ జేన్ ఆడిసన్, 1801లో. ఆమె భర్త ఆమె సొంత అక్కచెల్లెళ్లలో ఒకరితోనే సంబంధం పెట్టుకున్నాడు. 1857 లోపు ఆమెతో కలిపి నలుగురు ఆడవాళ్లకే అది దక్కింది. అంతెందుకు, ఆ రీజెంటుగారే నాలుగో జార్జి రాజయ్యాక, 1820లో భార్య కెరొలైన్‌ను వదిలించుకోవాలని పార్లమెంటు పై సభ లార్డ్స్‌లో బిల్లు పెట్టించాడు. అది 9 ఓట్ల తేడాతో మాత్రమే గట్టెక్కింది, కింది సభ కామన్స్‌కు వెళ్లకుండానే వెనక్కి తీసుకున్నారు. రాజుకే దొరకనిది ఈ నవల్లో డ్యూకుకు లాయరు ఆఫీసులో ఒక్క సంతకంతో దొరికింది.

డబ్బు సంగతీ అంతే. మూడో పుస్తకంలో పెళ్లయిన అమ్మాయి భర్తకు తెలియకుండా బ్యాంకుకెళ్లి, తన వారసత్వం తీసి, అతని అప్పు కట్టేస్తుంది. ఏ ఏర్పాటూ లేకపోతే పెళ్లిరోజునే ఆమె చేతి డబ్బు భర్తది అయిపోయేది. అందుకే పెద్దింటివాళ్లు పెళ్లికి ముందే లాయర్లను కూర్చోబెట్టి సెటిల్‌మెంటు రాయించేవారు: అమ్మాయి చేతిఖర్చుకు ఏటా ఇంత, భర్త పోతే బతకడానికి ఇంత, పెద్దకొడుకు కాని పిల్లలకు ఇంత, చూసుకోవడానికి ట్రస్టీలు. మన దగ్గర కూతురికి పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చేవాళ్లే, దాదాపు ఆ ధ్యాసే. పెళ్లయిన ఆడవాళ్ల ఆస్తి మీద వాళ్లకే హక్కు ఇస్తూ చట్టాలు వచ్చింది 1870లో, 1882లో. మంచి రచయిత చేతిలో ఆ సెటిల్‌మెంటు బేరమే ఒక చాప్టర్ అవుతుంది. మామ, కాబోయే అల్లుడు నవ్వుతూనే ఒకరి జేబు ఒకరు తడుముకునే సీను నాకు ముద్దుసీన్ల కన్నా ఇష్టం.

నాలుగో పుస్తకంలో పారిపోయి పెళ్లి చేసుకునే జంట పొద్దున లండన్‌లో బయల్దేరి, స్కాట్లండు సరిహద్దులో గ్రెట్నా గ్రీన్‌లో పెళ్లాడి, రాత్రి డిన్నరుకు ఇంటికొచ్చేస్తుంది. ఒకవైపే మూడు వందల మైళ్లకు పైన! గుర్రబ్బండిలో రోజుల ప్రయాణం. 1753 చట్టం వల్ల ఇంగ్లండులో ఇరవై ఒకటి నిండనివాళ్లు లైసెన్సు మీద పెళ్లాడాలంటే తండ్రి ఒప్పుకోవాలి, స్కాట్లండులో ఆ నిబంధన లేదు. అందుకే పారిపోయేవారు. తండ్రి వెంటపడతాడేమోనన్న టెన్షన్, సత్రాల్లో గుర్రాలు మార్చుకునే హడావిడి, ఆ దారి పొడవునా ఉండాల్సిన కథంతా రచయిత ఒక్క లైన్లో మింగేశాడు. ఆరో దాంట్లో డ్యూకు కోపమొచ్చి బిరుదు తమ్ముడికి ఇచ్చేస్తాడు. బిరుదు వదులుకునే వీలు చట్టంలో వచ్చింది 1963లో.

ఇలాంటి సెట్ కొనేముందు శాంపిల్ పేజీలు అడగండి, లేకపోతే డబ్బు కట్టకండి. పిలుపులు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. డ్యూకును ‘యువర్ గ్రేస్’ అనాలి. ఇందులో ‘సర్ యాష్‌ఫోర్డ్’ అని ఇంటిపేరుతో పిలుస్తారు. ‘సర్’ పక్కన వచ్చేది సొంత పేరు, అదీ డ్యూకుల కన్నా చాలా కింది హోదా ఉన్న నైట్‌లకు, బారొనెట్‌లకు. డ్యూకు భార్య డచెస్ అవుతుంది. ఇందులో ఆమె ‘లేడీ ఎలినార్’. అలా పిలిచేది డ్యూక్, మార్క్విస్, ఎర్ల్‌ల కూతుళ్లను. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఇళ్లలో పెరిగిన పాత్రలకే ఈ పిలుపులు తెలియవంటే, రాసినవాళ్లు పెళ్లి చట్టం తిరగేసి ఉంటారా? దాంతోపాటు కాపీరైటు పేజీ ఫోటో పంపమనండి. మొదటి ముద్రణ సంవత్సరం లేకపోతే అది పాత సరుకో, ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన సరుకో అనుకోవచ్చు. ‘కంప్లీట్’ అంటే మొత్తం ఎన్ని భాగాలో రాతపూర్వకంగా అడగండి.

రిటర్న్ అడిగితే ‘పుస్తకం తెరిచారు కాబట్టి కుదరదు’ అన్నారు. తెరవకుండా చాప్టర్ లేదని ఎలా తెలుస్తుందో నాకర్థం కాలేదు. తర్వాత ‘కథ నచ్చకపోతే మా బాధ్యత కాదు’ అన్నారు. నచ్చడం గొడవ కాదు, ప్రకటనలో చెప్పింది ఒకటి, పంపింది ఒకటి అని ఫోటోలు పెట్టాను. సగం డబ్బుకు కూపన్ ఇస్తామన్నారు. వద్దన్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు.

ఇప్పటికే కొన్నవాళ్లుంటే నాలుగో పుస్తకం పదకొండో చాప్టర్, ఆరో పుస్తకం చివరి పేజీ, కాపీరైటు పేజీ ఫోటోలు తీసి, ప్రకటన స్క్రీన్‌షాట్‌తో కలిపి రిటర్న్ గడువు లోపలే పంపండి. స్క్రీన్‌షాట్ మాత్రం ఇవాళే తీసుకోండి, ఎందుకంటే నిన్నటినుంచి అదే ఆరు పుస్తకాలు నీలి కవర్లతో ‘విక్టోరియన్ కంప్లీట్ సెట్’ పేరుతో కనిపిస్తున్నాయి.