ఎక్కని బెలూన్, ఒక రాత్రి మైపాడు

సంక్రాంతి అయ్యాక ఒంగోలు నుంచి నెల్లూరు మా అక్కావాళ్ల ఇంటికి పోయి రెండు మూడు రోజులు ఉండి రావడం మాకు అలవాటు. ఈసారి పిల్లలు షరతు పెట్టారు. మైపాడు బీచి దగ్గర గాలిబెలూన్ ఎక్కిస్తేనే వస్తారట. ఫోన్‌లో ప్రకటన చూశారు. ఎర్రా పచ్చా చారల బెలూన్, కింద నీలం సముద్రం, "మబ్బుల్లో అరగంట" అని పైన పెద్దక్షరాలు. పెద్దలకు 1,800, పిల్లలకు 1,000. 2017 నవంబరులో అరకులో బెలూన్ పండగ పెట్టినప్పుడు ఫొటోలు చూసి నోరు తెరిచినవాణ్ణే కాబట్టి నాకూ సరదాగానే అనిపించింది. నలుగురికీ కలిపి 5,600 ముందే కట్టేశాను.

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. అక్క, బావ కూడా బయల్దేరారు. మా బావ కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనతో ప్రయాణం ఒక రకం శిక్ష. మనం కొబ్బరితోట చూస్తుంటే ఆయన స్తంభం ఒరిగిందని చూస్తాడు. ఇందుకూరుపేట దాటాక రోడ్డుకి అటూ ఇటూ రొయ్యల గుంటలు మొదలవుతాయి. ప్రతి గుంటలో ఏరియేటర్లు, అంటే నీళ్లకి గాలి అందించే మరలు, నీళ్లు చిమ్ముతుంటాయి, గట్టు మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని దాకా తీగలు. అటు దక్షిణంగా కృష్ణపట్నం, నేలటూరు థర్మల్ ప్లాంట్ల నుంచి పెద్ద టవర్ లైన్లు పోతాయి. "అవి ఎవుడికైనా కనపడతాయి, మనుషుల్ని చంపేవి ఈ సన్నవి" అన్నాడు బావ. అప్పుడు ఎవరం పట్టించుకోలేదు.

రాత్రి బస గురించి ముందే చెప్పేస్తాను. బీచికి నడిచిపోయేంత దూరంలో ఒక లాడ్జి, ఏసీ గది 2,200. అల చప్పుడు మంచం దాకా వస్తుంది, ఆ ఒక్కటీ నిజం. వేడినీళ్లు కావాలంటే కింద నుంచి బకెట్‌లో తెస్తారు, బకెట్ రావడానికి మూడుసార్లు ఫోన్ చెయ్యాలి. దోమలకు లోటు లేదు. దుప్పట్లు మాత్రం ఉతికినవే. పిల్లలతో వెళ్లేవాళ్లు నెల్లూరులోనే ఉండి తెల్లారుజామున బయల్దేరితే గంటలోపే ఇసుక మీద ఉంటారు. పడవలు ఒడ్డుకు రావడం, వలలు దులపడం చూడాలని ఉంటే తప్ప అక్కడ రాత్రి ఉండక్కర్లేదు. భోజనానికి మాత్రం వంక పెట్టలేను. రోడ్డు మీద ఒకావిడ నడిపే చిన్న హోటల్లో మామిడికాయ వేసిన చేపల పులుసు, అన్నం 150. మా ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకోవడం నేను బయట ఎప్పుడూ చూడలేదు.

బెలూన్ మాకు పొద్దున 7:30కి ఇచ్చారు. బీచికి కాస్త లోపలగా, గుంటల పక్కన, చదును చేసిన నాలుగెకరాల స్థలం. మేం పోయేసరికి గుడ్డ ఇంకా నేల మీద పరిచి ఉంది. పెద్ద ఫ్యానుతో లోపలికి చల్లగాలి కొట్టి, గుడ్డ ఉబ్బాక బర్నర్ వెలిగించారు. ఆ మంట చప్పుడికి మా చిన్నది చెవులు మూసుకుంది. పేము బుట్ట, అందులో మూలలకి గ్యాసు సిలిండర్లు, బుట్ట నుంచి పైకి ఉక్కు తీగలు. తీరా చూస్తే బుట్టకి మూడు లావు తాళ్లు కట్టి, రెండు ట్రాక్టర్లకీ ఒక జీపుకీ బిగించి ఉన్నాయి. "మబ్బుల్లో అరగంట" అంటే ఎనభై అడుగుల ఎత్తులో ఎనిమిది నిమిషాలు. ప్రకటనలో తాడు మాట లేదు. మొదటి ఆట మొదలయ్యేసరికి తొమ్మిది దాటింది, సముద్రం మీద నుంచి గాలి లేచింది.

బావ బెలూన్ వైపు చూడనే లేదు. స్థలానికి పడమటి గట్టు మీద గుంటలకు పోయే 11 కేవీ లైను, అంటే పదకొండు వేల వోల్టులది, ఉంది. ఫేజుకొకటి చొప్పున మూడు తీగలు, సిమెంటు స్తంభాలు. బుట్ట దగ్గర నుంచి ఆ లైను దాకా చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. తిరిగొచ్చి, "నలభై రెండు అంగలు. అబ్బయా, ఆ తాడు పొడుగెంతో అడుగు" అన్నాడు.

తాడు వంద అడుగులట. అంగకి రెండున్నర అడుగులు వేసుకున్నా లెక్క చెప్పనక్కర్లేదు. గాలి సముద్రం వైపు నుంచి, అంటే తూర్పు నుంచి, లైను వైపే కొడుతోంది. తూర్పున ఉన్న జీపు తాడు ఒక్కటి వదులైతే చాలు, బెలూన్ పడమటికి వాలుతుంది. దాని ఒడ్డూ పొడుగూ మూడంతస్తుల మేడకి ఎక్కువే.

నిర్వాహకుల కుర్రాడు నవ్వాడు. "అంకుల్, వాటి మీద కాకులు కూర్చుంటున్నాయి, ఏమీ కావట్లేదు కదా."

"ఒక తీగ మీద కూర్చుంటే ఏమీ కాదు నాయనా. రెక్క రెండో తీగకి తగిలితే కాకి ఏమవుతుందో నేను ముప్పై ఏళ్లు కింద నుంచి ఏరాను. నీ బుట్టకున్న ఉక్కు తీగలు రెండు ఫేజుల మీద పడితే? దాని పక్కనే గ్యాసు పెట్టుకున్నావ్" అన్నాడు బావ. మరి ఆ రెండు గంటలూ ఎల్‌సీ తీసుకుని లైను ఆపించారా అని అడిగాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైను మీద పని చెయ్యాలంటే సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి తీసుకునే అనుమతి. ఆ కుర్రాడు ఆ మాటే వినలేదు.

విన్నా దొరకదు, అదే అసలు సంగతి. రొయ్యల గుంటలో నీళ్లలో ప్రాణవాయువు తెల్లారుజామునే బాగా తగ్గుతుంది. అప్పుడు ఏరియేటర్ ఆగితే రొయ్య తేలిపోతుంది, రైతు ఆరిపోతాడు. బెలూన్‌కేమో ఎండ ఎక్కి గాలి లేవకముందు, ఆ తెల్లారుజామే కావాలి. ఆ వేళ కరెంటు ఆపమని మైపాడు రైతుని అడిగేవాడు ఇంకా పుట్టలేదు.

అప్పుడే గాలి ఒక్క విసురు విసిరింది. పైన ఉన్న బుట్ట పక్కకి ఒరిగి, అందులో ఆడపిల్లలు కేక పెట్టారు. జీపు తాడు బిర్రుగా సాగి వణికింది. ఏమీ కాలేదు. దించేశారు. తర్వాత వంతు మాదే. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. పిల్లలు ఏడుపు, మా ఆవిడ మౌనం, నాకు బావ మీద కోపం. ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నం లాడ్జి గదిలో పడుకుని, ఇదంతా ఆయన చాదస్తమని తేల్చుకుందామని ఫోన్‌లో వెతికాను. దొరికినవి వేరు.

2012 జనవరి 7న న్యూజీలాండ్‌లోని కార్టర్టన్ దగ్గర దిగబోతున్న బెలూన్ 33 కేవీ లైనుకి తగులుకుంది. మన సబ్‌స్టేషన్లకు వచ్చేవీ 33 కేవీ లైన్లే. పైలట్ తీగల మీదుగా పైకి లేపేద్దామని చూశాడు. మెరుపు పుట్టి గ్యాసు సిలిండర్‌కి చిల్లు పడి బుట్ట అంటుకుంది. ఇద్దరు దూకేశారు. మొత్తం పదకొండు మందీ పోయారు. అక్కడి దర్యాప్తువాళ్లు తేల్చిన దాంట్లో నన్ను కట్టిపడేసింది ఒకటుంది. తీగ తప్పదనుకున్నప్పుడు పైకి లేవకూడదట, గబగబా కిందికి దిగాలట. అప్పుడు తీగకి తగిలేది పైనున్న గుడ్డ. పైకి లేస్తే తగిలేది బుట్ట, సిలిండర్లు, ఉక్కు తీగలు, మనుషులు. భయపడ్డ మనిషికి చెయ్యి బర్నర్ మీదికే పోతుంది, అదే పొరపాటు. ఆ పైలట్ రక్తంలో గంజాయి ఛాయలు కూడా దొరికాయి.

2016 జులై 30న టెక్సస్‌లోని లాక్‌హార్ట్ దగ్గర పొగమంచులో దిగుతూ ఇంకొకటి హైటెన్షన్ లైనుకి తగిలింది. పదహారు మంది. అమెరికాలో బెలూన్ ప్రమాదాల్లో అంతకు మించింది లేదు. ఆ పైలట్ మత్తు కలిగించే మందులు వాడుతున్నాడు. అప్పట్లో బెలూన్ పైలట్లకి వైద్య పరీక్ష సర్టిఫికెట్టే అక్కర్లేదు. డబ్బు తీసుకుని తిప్పేవాళ్లకి అది తప్పనిసరి చేస్తూ నియమం 2022లో వచ్చింది. ఈలోగా 2021 జూన్ 26న అల్బుకర్కీలో లైను తగిలి బుట్ట విడిపోయి ఐదుగురు పోయారు. ఏటా ప్రపంచంలోనే పెద్ద బెలూన్ పండగ చేసే ఊరది. అక్కడే అలా అయితే మైపాడు గట్టు మీద కుర్రాడిని ఏమనాలి?

న్యాయంగా చెప్పాలంటే ఆ మూడూ తాడు లేకుండా ఎగిరినవి. బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు, పైకీ కిందికీ తప్ప. ఏ ఎత్తులో గాలి ఎటు పోతే అటే పోవాలి. తాడు కట్టినదానికి ఆ గండం తక్కువ. కానీ ఇక్కడ తాడు పొడుగూ లైను దూరమూ దాదాపు ఒకటే. బావ లెక్కంతా అంతే. సాయంత్రం టీ తాగుతూ కార్టర్టన్ సంగతి చెబితే, "33 కేవీకి గుడ్డే తగలనిచ్చి దిగమన్నారా, తెలివైనోళ్లు" అని ఊరుకున్నాడు. గెలిచానన్న మొహం పెట్టలేదు, అందుకు సంతోషం.

డబ్బు సగం వెనక్కి ఇచ్చారు. 2,800, అదీ నాలుగు రోజులకి. తాడు సంగతి ముందే చెప్పనందుకు మొత్తం ఇవ్వాలని నేను, ఎక్కనిది మీరేనని వాళ్లు. అంతకు మించి పోట్లాడే ఓపిక లేదు. మీరెవరైనా వెళితే డబ్బు కట్టకముందే తాడా, విడిగానా అడగండి. పోయాక తీగల కోసం కాదు, స్తంభాల కోసం చూడండి. తీగ పొలం రంగులో కలిసిపోతుంది, స్తంభం కలవదు. తొమ్మిది తర్వాత సముద్రపు గాలిలో ఎగరేస్తామంటే మాత్రం ఇసుకలో ఆడుకుని రండి.

మర్నాడు పిల్లల అలక తీర్చడానికి నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లాం. 2022లో సూళ్లూరుపేటతో పాటు కాగితాల మీద తిరుపతి జిల్లాలోకి పోయిందిగానీ మాకింకా నెల్లూరే. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు, వాటి పిల్లల గోల, వాచ్‌టవర్ మీద నుంచి గంటన్నర కదల్లేదు మావాళ్లు. బైనాక్యులర్ మీదే తీసుకెళ్లండి. నా ఓటు మైపాడు బెలూన్ కన్నా పదిరెట్లు దీనికే.

తిరుగు దారిలో బావ కారు ఆపమన్నాడు. రెండు స్తంభాల మధ్య తీగ వేలాడుతోంది, కింద గడ్డి ట్రాక్టర్ పోయే దారి. కిందికి దిగి, స్తంభం మీది నంబరు అద్దాలు సవరించుకుని చదివి, ఎవరికో ఫోన్ కలిపాడు. మా చిన్నది కిటికీలోంచి తల పెట్టి, "మామయ్యా, ఎన్ని అంగలు?" అంది.